ఒకరికి పాలు పడవు, ఒకరికి పాలు ప్రమాదం: ఇద్దరికీ ఒకే వంటింట్లో వండటం ఎలా?

నమస్తే అండి. మీరు రాసినది క్లుప్తంగా ఇదీ. మీ వారికి పాలు తాగిన గంట, రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, విరేచనాలు. బ్రెత్ టెస్ట్ చేసి లాక్టోజ్ పడదని చెప్పారు. మూడేళ్ల బాబుకు పాల అలర్జీ అని పిల్లల డాక్టరు తేల్చారు. మీరు శాకాహారులు, గుడ్డు కూడా తినరు. ఆ ఇద్దరికీ పాలు, పెరుగు, నెయ్యి అన్నీ ఒకేసారి మాన్పించారు. ఇప్పుడు వాళ్లకో వంట, మిగతావాళ్లకో వంట చేయలేక అలసిపోతున్నారు. పెరుగన్నం లేకుండా లేస్తే భోజనం చేసినట్టేనా అని అత్తగారు బాధపడుతున్నారు. నెయ్యి వాడొచ్చా, పెరుగుకు బదులేమిటి, కాల్షియం ఎలా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా డైటీషియన్‌గా పనిచేస్తున్నాను, ఇంట్లో వంట కూడా నాదే. అందుకే జబ్బు గురించీ, గిన్నెల గురించీ కలిపే చెబుతాను.

ముందు ఒక ముడి విప్పాలి. మీ వారికి ఉన్నది, బాబుకు ఉన్నది ఒకే సమస్య కాదు. లాక్టోజ్ అంటే పాలలో ఉండే చక్కెర. దాన్ని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ చిన్నప్రేగులో తయారవుతుంది. తల్లిపాలు మానేశాక చాలామందిలో అది మెల్లగా తగ్గిపోతుంది. ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్లు ఇలాంటివాళ్లే. మన దేశంలో ఉత్తరాదివాళ్లకంటే దక్షిణాదివాళ్లలో ఇది ఎక్కువ. అరగని చక్కెర పెద్దప్రేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. గ్యాస్, ఉబ్బరం, నీళ్ల విరేచనాలు అక్కడినుంచే వస్తాయి. ఇబ్బంది నిజమే గానీ ప్రాణాపాయం లేదు. పైగా ఇది మోతాదును బట్టి ఉంటుంది.

బాబుది వేరు. వాడి శరీరం పాలలోని ప్రొటీన్లను, అంటే కేసీన్‌ను, వే ప్రొటీన్లను శత్రువులుగా చూస్తోంది. ఇక్కడ కొంచెం, ఎక్కువ అన్న లెక్క పనిచేయదు. దద్దుర్లతో మొదలై వాంతులు, ఆయాసం దాకా పోవచ్చు. కాబట్టి మీ వారికి సరిపోయే నియమం బాబుకు సరిపోదు, బాబు నియమం మీ వారికి అక్కర్లేదు.

మీ వారి సంగతి తొందరగా తేలిపోతుంది కాబట్టి ముందు అదే చెబుతాను. లాక్టోజ్ పడనివాళ్లలో చాలామంది ఒక పూటలో 12 గ్రాముల దాకా లాక్టోజ్‌ను, ముఖ్యంగా తిండితో కలిపి తీసుకుంటే, పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 10 గ్రాములు ఉంటుంది. ఒక చిన్న కప్పు టీలో పడేది 50 మిల్లీలీటర్ల పాలు, అంటే రెండున్నర గ్రాములు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగితే వచ్చే నష్టం దాదాపు ఉండదు. ఆయన్ని ఇబ్బంది పెట్టేది రాత్రి పడుకునే ముందు ఖాళీ కడుపుతో తాగే పెద్ద గ్లాసు పాలు, ఆఫీసులో ఎవరో పంచిన పాలకోవా. కోవా అంటే లీటరు పాలను మరిగించి ముద్ద చేయడమే కదా, లాక్టోజ్ ఎక్కడికీ పోదు. 50 గ్రాముల పాలకోవా బిళ్ల తింటే దాదాపు ఒక గ్లాసు పాలు తాగినట్టే. అదే రసగుల్లాలో పాలు విరిచి నీరు పిండేస్తారు కాబట్టి లాక్టోజ్ చాలావరకు ఆ విరుగు నీటితోనే పోతుంది. పనీర్ కూడా అంతే. పాలపొడి మాత్రం జాగ్రత్త. వెన్న తీసిన పాలపొడిలో దాదాపు సగం లాక్టోజే.

ఇక పెరుగు. తోడుకునేటప్పుడు బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తాయి. తిన్నాక కూడా వాటి ఎంజైమ్ మన ప్రేగులో పనిచేసి మిగిలిన దాన్ని అరిగించడంలో సాయపడుతుంది. అందుకే పాలు పడనివాళ్లకు కూడా పెరుగు పడటం మామూలే. కాస్త ఎక్కువసేపు తోడుకుని పులిసిన పెరుగైతే ఇంకా మంచిది. ఆయన మధ్యాహ్నం అన్నంతో ఒక చిన్న గిన్నెడు పెరుగుతో మొదలుపెట్టి నాలుగైదు రోజులు చూసుకోమనండి. చాలావరకు ఏమీ కాదు. మజ్జిగ పులుసులో మాత్రం ఈ సౌకర్యం ఉండదు. కాచేసరికి బ్యాక్టీరియా, వాటి ఎంజైమ్ రెండూ చచ్చిపోతాయి. మజ్జిగ పల్చనే కాబట్టి రెండు గరిటెలు తింటే పర్వాలేదు, గిన్నె మొత్తం లాగించేస్తే రాత్రి తెలుస్తుంది. నెయ్యిలో లాక్టోజ్ లేశమాత్రమే, నిశ్చింతగా వేసుకోవచ్చు. లాక్టోజ్ తీసేసిన పాలు కూడా ఇప్పుడు నగరాల్లో దొరుకుతున్నాయి. కాస్త తియ్యగా ఉంటాయి. కల్తీ అనుకోకండి, లాక్టోజ్ విడిపోతే వచ్చే గ్లూకోజ్, గాలక్టోజ్ రెండూ లాక్టోజ్ కంటే తీపి.

అంటే మీ ఇంట్లో ఇన్నాళ్లు పడిన బాధలో సగం అనవసరం. ఆయన ఏదీ పూర్తిగా మానక్కర్లేదు.

బాబు విషయంలో మాత్రం నేను ఏ సడలింపూ ఇవ్వను. పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీర్, కోవా, నెయ్యి, లాక్టోజ్ తీసిన పాలు, ఏవీ వద్దు. నెయ్యిలో ప్రొటీన్ చాలా తక్కువ ఉంటుంది గానీ ఇంట్లో కాచిన నెయ్యిలో అడుగు మడ్డి ఎంతోకొంత మిగులుతుంది. డాక్టరు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప వాడికి వేయకండి. "ఆవు పాలు పడకపోతే మేక పాలు పట్టు" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మేక పాలు, గేదె పాలు, గొర్రె పాలలోని ప్రొటీన్లు ఆవు పాల ప్రొటీన్లకు ఎంత దగ్గరగా ఉంటాయంటే, ఒకటి పడని పిల్లలకు మిగతావి కూడా దాదాపు ఎప్పుడూ పడవు. ఏ2 పాలని రెట్టింపు ధరకు అమ్ముతున్నారు చూడండి, అందులో ఒక్క బీటా కేసీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం తేడా. లాక్టోజ్ అంతే, అలర్జీ తెచ్చే ప్రొటీన్లూ అక్కడే ఉన్నాయి. మీ ఇంట్లో ఇద్దరికీ దానివల్ల ఒరిగేది లేదు. మన ఊళ్లలో గాడిదను ఇంటి ముందుకు తోలుకొచ్చి ఉగ్గుగిన్నెడు పాలు వందల రూపాయలకు అమ్ముతుంటారు. పచ్చిపాలు పిల్లలకు పట్టడం అలర్జీ ఉన్నా లేకపోయినా ప్రమాదమే.

ఇప్పుడు వంటింటి సూత్రం. వంట బాబు లెక్కన చేయండి, వడ్డన పెద్దవాళ్ల లెక్కన చేయండి. పొయ్యి మీద తయారయ్యేదేదీ పాలు, నెయ్యి తగలకుండా ఒకటే వంట. పెరుగు, నెయ్యి కావలసినవాళ్లు కంచంలో వేసుకుంటారు. రెండు వంటలు అవసరం లేదు.

ఇది వినడానికి కష్టంగా ఉంటుంది గానీ మన భోజనం తీరు చూడండి. పప్పు, పులుసు, చారు, వేపుడు, పచ్చడి, పొడి, వీటిలో పాలు ఎక్కడున్నాయి? పాడి అంతా మొదటి ముద్దలో నెయ్యిగా, చివరి ముద్దలో పెరుగుగా వస్తుంది. ఇడ్లీ, దోశ, పెసరట్టు, గారెలు, పులిహోర, జొన్న రొట్టె, సర్వపిండి, సకినాలు, ఇవన్నీ పుట్టుకతోనే పాలు లేనివి. హైదరాబాదీ వంటల్లో బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ చిక్కదనమంతా పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండుదే. ఉత్తరాది పద్ధతిలో క్రీమ్, పనీర్ కూరలు రోజూ వండే ఇంట్లో ఈ మార్పు చాలా కష్టం. మనకు అంత కష్టం కాదు.

అయితే మనకు తెలియకుండా పెరుగు దూరే చోట్లు కొన్ని ఉన్నాయి. చల్ల మిరపకాయలు. చారులోకి నంజుకుంటే ఎవరికీ గుర్తురాదు, అవి మజ్జిగలో నానినవే. కొన్ని రకాల వడియాల్లో కూడా మజ్జిగ కలుపుతారు. అరటి పువ్వు, అరటి దూట నల్లబడకుండా మజ్జిగ నీళ్లలో వేసే అలవాటు ఉంటే, బదులుగా చింతపండు నీళ్లలో వేయండి. రవ్వ దోశ, రవ్వ ఇడ్లీ, మైసూర్ బజ్జీ పిండిలో పుల్లటి పెరుగు ఉంటుంది. కొట్లో కొన్న జంతికలు, చెగోడీలలో గుల్లగా రావడానికి వెన్న వేస్తారు. ఇంట్లో చేసేటప్పుడు కాగిన నూనె రెండు గరిటెలు పిండిలో పోసి కలపండి, అంతే గుల్లగా వస్తాయి. రవ్వ లడ్డూ ఉండ కట్టడానికి పాలు చిలకరిస్తారు. పాకం పట్టి చేస్తే ఆ అవసరం రాదు, నెయ్యి బదులు నూనె వాడినా ఉండ కడుతుంది. బేకరీ బ్రెడ్, ఉస్మానియా బిస్కెట్, మామూలు గ్లూకోజ్ బిస్కెట్, చాక్లెట్, మసాలా చిప్స్, వీటిలో ఎక్కువవాటిలో పాలపొడి ఉంటుంది. 'నాన్ డైరీ క్రీమర్' అని రాసిన కాఫీ పొడుల్లో కూడా చాలావాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల ప్రొటీనే. పేరు చూసి నమ్మొద్దు.

ప్యాకెట్ వెనక చదవడం నేర్చుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, సోయా, వేరుశనగ, గింజపప్పులు, చేపలు, రొయ్యల జాతి ఉంటే అలర్జీ హెచ్చరికగా విడిగా చెప్పాలి. పదార్థాల జాబితా కింద 'కంటెయిన్స్ మిల్క్' అని ఉందేమో ముందు అదే చూడండి. కేసీన్, వే, మిల్క్ సాలిడ్స్, బటర్ ఆయిల్ అనే మాటలన్నీ పాలే. విడిగా తూచి అమ్మే స్వీట్లు, చిరుతిళ్లు బాబుకు అలర్జీ ఉన్నంతవరకు వద్దనే అంటాను.

గిన్నెల సంగతి అత్తగారికి ఎలా చెప్పాలని అడిగారు. 'క్రాస్ కంటామినేషన్' అంటే ఆవిడకు చిరాకు వస్తుంది. ఎంగిలి పట్టింపు మన ఇళ్లలో పెద్దవాళ్లకు బాగా తెలుసు కదా, పెరుగు గరిటె బాబుకు ఎంగిలి గరిటె లాంటిదని చెప్పండి. పెరుగు తీసిన చేత్తో పప్పు గిన్నె ముట్టుకోకూడదు, నెయ్యి రాసిన పెనం మీద వాడి దోశ వేయకూడదు, వాడి గ్లాసు పాలగిన్నెతో కలిపి తొలవకూడదు. ఆవిడకు పట్టుబడిందంటే మీకంటే కచ్చితంగా పాటిస్తారు. వడ్డించేటప్పుడు ముందు బాబుకు పెట్టేసి, ఆ తర్వాతే పెరుగు గిన్నె మూత తీయండి.

పెరుగుకు బదులు దగ్గరకొద్దాం, మీరు ఎక్కువ అడిగింది దీని గురించే.

పల్లీలతో చేసే పెరుగు రుచికి, గట్టితనానికి మన పెరుగుకు బాగా దగ్గర. బాబు ఇంతకుముందు పల్లీలు తిని ఏమీ కాలేదని ఖాయమైతేనే ఇది. ఒక కప్పు పల్లీలు రాత్రి నానబెట్టి, పొద్దున పొట్టు రుద్ది తీసేయండి. మూడు కప్పుల నీళ్లతో మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టండి. ఆ పాలను సన్న మంట మీద కలుపుతూనే కాచాలి. వదిలేస్తే అడుగంటి మాడు వాసన పడుతుంది, ఇక దాన్ని ఏం చేసినా పోదు. పొంగు వచ్చాక ఐదారు నిమిషాలు మరిగించి దింపండి. గోరువెచ్చగా అయ్యాక తోడు వేయాలి. ఇక్కడే చాలామంది పాత అలవాటుతో చెంచాడు మామూలు పెరుగు వేసేస్తారు. బాబుకు పెట్టే దానిలో అది కుదరదు. పాలు లేని తోడు పొడి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కొన్నిటిలో పాలపొడి ఉంటుంది కాబట్టి లేబుల్ చూసి కొనండి. పచ్చిమిరపకాయ తొడిమలు ఏడెనిమిది వేసి తోడు పెట్టే పద్ధతి కూడా ఉంది, పనిచేస్తుంది. పెద్దవాళ్లకైతే ఫర్వాలేదు, మూడేళ్ల పిల్లాడికి మాత్రం తోడు పొడి వాడమంటాను. తొడిమలతో వచ్చే బ్యాక్టీరియా ఏవో మన చేతిలో ఉండదు. మొదటిసారి తోడుకోవడానికి పది, పన్నెండు గంటలు పడుతుంది. అందులోంచి రెండు చెంచాలు తీసి తర్వాతి రోజుకు తోడుగా ఉంచుకుంటే రెండోసారి ఇంకా గట్టిగా వస్తుంది. జిగటగా సాగినా, గులాబీ రంగు తిరిగినా, వాసన తేడాగా ఉన్నా పారబోయండి.

సోయా గింజల పాలతో పెరుగు ఇంకా బాగా తోడుకుంటుంది. గింజల్ని వేడినీళ్లతో రుబ్బితే ఆ పచ్చి వాసన తగ్గుతుంది. పాలను కనీసం పదిహేను, ఇరవై నిమిషాలు మరిగించాలి. పచ్చి సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వని పదార్థం ఉంటుంది, అది ఉడికితేనే పోతుంది. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు కాబట్టి డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి. కొబ్బరి పాల పెరుగు గురించి అందరూ గొప్పగా చెబుతారు. నాకైతే నచ్చదు. అడుగున నీరు, పైన కొవ్వు విడిపోతుంది, ప్రొటీన్ దాదాపు సున్నా.

పల్లీ పెరుగు అన్నంలో కలిపి, మామూలుగానే ఆవాలు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి, దానిమ్మ గింజలు వేసి పెట్టండి. మూడేళ్లవాడికి అమ్మమ్మ ఇంటి దద్ధోజనం గుర్తులేదు, వాడికి ఇదే దద్ధోజనం.

అత్తగారికి ఇంకొక మాట చెప్పి చూడండి: తరవాణి. అన్నం గంజి, కాస్త అన్నం కుండలో పోసి పులవబెట్టి, రోజూ గంజి పోస్తూ ఆ పుల్లటి నీళ్లతో చద్దన్నం తినడం ఆవిడ చిన్నతనంలో చూసే ఉంటారు. పెరుగు ముట్టకుండా చల్లగా, పుల్లగా భోజనం ముగించే దారి మనవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఉల్లిపాయ, ఆవకాయ బద్దతో అది పెరుగన్నానికి ఏమాత్రం తీసిపోదు. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. ఎండాకాలంలో రాత్రి నానబెట్టిన చద్దన్నం పొద్దున్నే తినేయాలి, మధ్యాహ్నందాకా ఆగకూడదు. రాగి పిండిని రాత్రి నీళ్లలో పులవబెట్టి పొద్దున కాస్తే మజ్జిగ పోయకుండానే అంబలి పుల్లగా వస్తుంది. పులవడంవల్ల రాగిలో ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి కాల్షియం, ఇనుము శరీరానికి ఎక్కువ అందుతాయి.

మొదటి ముద్దలో నెయ్యి బదులు పప్పునూనె, అదే నువ్వుల నూనె. ఆవకాయ అన్నంలోకి, కందిపొడిలోకి అదే బాగుంటుందని నేను వాదిస్తాను, నెయ్యి వర్గంవాళ్లు కోప్పడతారు. ముద్దపప్పులో మాత్రం నెయ్యి లేని లోటు తెలుస్తుంది, నిజం చెప్పాలి. కాస్త వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర తాలింపు పెడితే సరిపోతుంది.

పాయసానికి కొబ్బరి పాలు. చిక్కటి మొదటి పాలు విడిగా ఉంచి, రెండో పాలలో బియ్యమో సేమ్యానో ఉడికించండి. బెల్లం కరిగించి వడగట్టి పోసి, దగ్గరపడ్డాక పొయ్యి కట్టేసి అప్పుడు చిక్కటి పాలు పోయండి. పోశాక మరిగిస్తే విరిగి నూనె తేలుతుంది. బెల్లం వేస్తే ఆవు పాలు విరిగిపోయే భయం ఇందులో తక్కువ, ఆ లెక్కన ఇదే సుళువు. కూరల్లో క్రీమ్ బదులు జీడిపప్పు, గసగసాలు, పుచ్చగింజలు నానబెట్టి రుబ్బిన ముద్ద. వెజిటబుల్ బిర్యానీకి పెరుగు బదులు నిమ్మరసం, టమాటా, వేయించిన ఉల్లిపాయ ముద్ద, కొంచెం కొబ్బరి పాలు. బగారా అన్నమైతే నూనెతో చేస్తే ఏ మార్పూ అక్కర్లేదు.

పుట్టినరోజు కేక్ గురించి మీరు అడగలేదు గానీ తర్వాతైనా అడుగుతారు. ఒకటిన్నర కప్పు మైదా, ఒక కప్పు చక్కెర, పావు కప్పు కోకో పొడి, ఒక టీస్పూన్ వంట సోడా, అర టీస్పూన్ ఉప్పు జల్లించి, ఒక కప్పు నీళ్లు, మూడో వంతు కప్పు నూనె, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ పోసి గబగబా కలిపి, వెంటనే 180 డిగ్రీల్లో 30 నుంచి 35 నిమిషాలు బేక్ చేయండి. పాలు లేవు, వెన్న లేదు, గుడ్డు లేదు. కోకో పొడి స్వచ్ఛమైనదై ఉండాలి, డ్రింకింగ్ చాక్లెట్ కాదు.

కాఫీ, టీల్లో సోయా పాలు విరిగిపోతున్నాయంటే వేడి, పులుపు రెండూ కారణం. సోయా పాలను ముందు విడిగా వెచ్చచేసి, డికాషన్‌ను దానిలోకి మెల్లగా పోయండి, తిరగేసి చేయకండి. జీడిపప్పు పాలు వడకట్టే పని లేదు, టీకి బాగుంటాయి. మన దేశంలో ప్యాకెట్ మీద 'సోయా మిల్క్' అనే పేరు వాడనివ్వరు కాబట్టి 'డ్రింక్', 'బేవరేజ్' అనే పేర్లతో వెతకండి.

కాల్షియం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు 500, నాలుగు నుంచి ఆరేళ్లవాళ్లకు 550 కావాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న అదే సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో 100 గ్రాముల ఆవు పాలకు సుమారు 118 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, రాగులకు 364, మునగాకుకు 314, ఉలవలకు 269, కరివేపాకుకు 650 పైన, నువ్వులకు 1200 పైన ఉంది. ఈ అంకెలు చూసి పాలెందుకు అనిపిస్తుంది. కానీ కరివేపాకు 100 గ్రాములు ఎవరూ తినరు, ఆకుల్లో గింజల్లో ఉన్నదంతా ఒంటికి పట్టదు. పాలకూర, చుక్కకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, తోటకూరలో కూడా ఆ సమస్య ఉంది. మెంతికూర, మునగాకు నయం. నువ్వుల్లో కాల్షియం ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది, తెల్లగా మెరిసే పొట్టు తీసిన నువ్వులు కొంటే చాలావరకు పోయినట్టే. పొట్టు నువ్వులు వేయించి పొడి కొట్టండి. బాగా నలగాలి, నలగని గింజ అలాగే బయటికి పోతుంది.

బాబుకు ఒక రోజు లెక్క చూద్దాం. 30 గ్రాముల రాగి పిండి జావ, 110. మునగాకు పప్పులో వాడి వంతు 20 గ్రాముల ఆకు, 60. నువ్వుల పొడి ఒక టీస్పూన్ అన్నంలో, 60. కాల్షియం కలిపిన సోయా డ్రింక్ 200 మిల్లీలీటర్లు, లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు 120 అని ఉంటే, 240. మొత్తం 470. మిగతా పప్పులు, కూరలతో సరిపోతుంది. ఈ లెక్కలో సగం ఆ సోయా డ్రింక్‌దే అని గమనించండి. ఇంట్లో చేసిన బాదం పాలు, కొబ్బరి పాలు దానికి బదులు కావు, వాటిలో కాల్షియం ఎవరూ కలపలేదు. కొనే డ్రింకు అడుగున కాల్షియం పేరుకుంటుంది, బాగా కుదిపి పోయండి.

నాకు కాల్షియంకంటే ఎక్కువ దిగులు బి12 గురించి. గుడ్డు తినని ఇంట్లో బి12 వచ్చే దారి పాలు, పెరుగే. మీ వారు పెరుగు మళ్లీ మొదలుపెడితే ఆయనకు కొంత వస్తుంది. బాబుకు ఏ దారీ లేదు. ఆకుకూరలు, పప్పులు, పులిసిన పిండి, వేటిలోనూ నమ్మదగిన బి12 లేదు. పిల్లల డాక్టరుతో మాట్లాడి బి12, విటమిన్ డి మందు రాయించుకోండి, ఇది ఐచ్ఛికం కాదు. రెండు నెలలకోసారి బరువు, ఎత్తు చూపించండి. పాలు మానిన పిల్లాడికి ప్రొటీన్, కొవ్వు రెండూ తగ్గుతాయి. పప్పు గట్టిగా వండటం, ప్రతి ముద్దలో నూనె, పల్లీ పొడి, సున్నుండ నూనెతో చేసి పెట్టడం, ఇలా పూడ్చాలి.

అలర్జీ తగ్గిందేమో అని ఇంట్లో చెంచాడు పాలు పట్టి చూడొద్దు. చాలామంది పిల్లలకు పెద్దయ్యేకొద్దీ ఇది పోతుంది, అందులో ఎక్కువమంది ముందుగా కేకు, బిస్కెట్లలో బాగా కాలిన పాలను తట్టుకుంటారు. ఆ మెట్లు ఎక్కించడం డాక్టరు ఎదుట జరగాలి. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ పరీక్ష ఎప్పుడో అడిగి రాసుకోండి. పొరపాటున తింటే ఏం చేయాలో డాక్టరు చేత కాగితం మీద రాయించి, ఒక కాపీ ప్లే స్కూల్లో ఇవ్వండి. పెదవులు, నాలుక వాయడం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, ఆగని వాంతులు, పిల్లాడు వాడిపోయి మగతగా పడటం, వీటిలో ఏది కనిపించినా డాక్టరు ఇచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే వేసి 108కి ఫోన్ చేయాలి. సిట్రిజిన్ ఇచ్చి చూద్దామని కూర్చోకూడదు.

"ఆన్‌లైన్‌లో రక్తం పంపితే 200 పదార్థాలకు ఇన్‌టాలరెన్స్ చెప్పే టెస్ట్ చేయించనా, మా వారికి గోధుమ కూడా పడటం లేదేమో" అని కూడా అడిగారు. వద్దు. అవి కొలిచేది రక్తంలోని ఐజీజీ అనే యాంటీబాడీని, అది ఆ పదార్థం మీరు తింటున్నారని చెబుతుంది, పడదని కాదు. అలర్జీ నిపుణుల సంఘాలు వాటిని వాడొద్దనే చెబుతున్నాయి. ఆ రిపోర్టు పట్టుకుని పప్పు, వంకాయ, బియ్యం కూడా మానేసి నీరసించి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాను. గోధుమ మీద అనుమానముంటే, గోధుమ మానకముందే సీలియాక్ జబ్బు, అంటే గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నప్రేగు దెబ్బతినే జబ్బు, ఉందేమో చూసే టీటీజీ అనే రక్త పరీక్ష చేయించండి. మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. సీలియాక్ జబ్బు ఉంటే దానివల్లే లాక్టోజ్ కూడా పడకపోవచ్చు, అది నయమైతే ఇదీ తగ్గుతుంది. అదే తేలితే బజారు ఇంగువ మార్చాలి, మామూలు ఇంగువ పొడిలో గోధుమ పిండి కలిపే అమ్ముతారు.

ప్రసాదాల సంగతి. తిరుమల లడ్డూ నేతిది, మీ వారు తినొచ్చు, బాబుకు వద్దు. పంచామృతం, దద్ధోజనం, చక్కెర పొంగలి కూడా వాడికి వద్దు. పులిహోర సాధారణంగా ఫర్వాలేదు, నెయ్యి తాలింపు పెట్టారేమో అడిగి పెట్టండి. ఇంట్లో వ్రతానికి నూనెలో వేయించిన నువ్వుల అరిసెలు, కొబ్బరి కజ్జికాయలు చేస్తే అందరిదీ ఒకే ప్రసాదం అవుతుంది.

కాల్షియం మాత్ర మీ వారికి డాక్టరు రాస్తే భోజనం తర్వాత వేసుకోమనండి, ఐరన్ మాత్ర ఉంటే రెండింటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. బాబు బరువు, ఎత్తు, అలర్జీ పరీక్ష రిపోర్టులోని అంకెలు రాయండి, ప్రొటీన్ ఎంత కావాలో లెక్కగట్టి చెబుతాను.